తెరమీద తెలుగు అక్షరానికి ఎంత చోటు కావాలి?

బదిలీ ఉత్తర్వు రాగానే సామాను కట్టుకుని బయలుదేరే కుటుంబాలు మనవి. తరగతిలో హిందీ, ఇంగ్లిషు, సంస్కృతం చదువుతాం. ప్రేమ్‌బజార్‌లో కూరగాయలు కొనేటప్పుడు నాలుగు బెంగాలీ మాటలు మాట్లాడతాం. తెలుగు మాత్రం మనలో చాలామందికి ఇంట్లో నేర్చుకున్న భాషే. పుస్తకంలో కంటే ఫోను తెరమీదే తెలుగు అక్షరాలు మనకు ఎక్కువగా కనిపిస్తాయి.

ఖరగ్‌పూర్‌లో తెలుగు కొత్తగా వచ్చిన భాష కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అంటే ఇక్కడ తెలుగులో రాసేవాళ్లకు, వెబ్ పేజీలు తయారుచేసేవాళ్లకు పని పెరుగుతుంది. ఆ పని చేయబోయేది మనమే కావచ్చు.

ఈ పాఠంలో ఒక ఊహా పని పెట్టుకుందాం. మన పత్రికలోని ప్రాంతీయ భాషల విభాగానికి ఒక వెబ్ పేజీ టెంప్లేట్ తయారుచేస్తున్నాం. శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మ దాన్ని తన ఫోనులో చదవాలి. మూడో తరగతి చదివే తమ్ముడూ చదవాలి. వాళ్లిద్దరూ తడుముకోకుండా చదవాలంటే అక్షరం ఎంత ఉండాలి, వరుసల మధ్య ఎంత ఖాళీ ఉండాలి?

గమనిక: ఆజ్ఞల పేర్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాం. కంప్యూటరులో వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చెయ్యాలి.

1. ఒక్క చుక్కతో ఎంత తేడా!

"అర్థం", "అర్ధం" అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానికి భావం అని, రెండోదానికి సగం అని అర్థం. తేడా అంతా థ కడుపులో ఉన్న చిన్న చుక్కే. ద, ధ, థ మూడూ ఒకే ఆకారం నుంచి పుట్టినట్టుంటాయి. ద కింద గీత లేదు. ధ కింద గీత ఉంది. థకు గీతా ఉంది, లోపల చుక్కా ఉంది. అక్షరం మరీ చిన్నదైతే ఆ చుక్క, ఆ గీత తెరమీద కలిసిపోతాయి.

తెలుగు బాగా వచ్చినవాళ్లు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. ఇప్పుడే అక్షరాలు కూడబలుక్కునే తమ్ముడికి ఆ సాయం ఉండదు. చూపు మందగించిన అమ్మమ్మకూ కష్టమే. ఇద్దరూ ఫోను పక్కన పెట్టేస్తారు. అక్షర పరిమాణాన్ని అందం కోసం సర్దే విషయంగా చూడకూడదు. చదవడం సాగుతుందా, ఆగుతుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

2. స్టైల్‌షీట్ అంటే ఏమిటి?

వెబ్ పేజీలో రెండు భాగాలుంటాయి. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది బొమ్మ అని చెప్పేది హెచ్‌టీఎంఎల్. ఆ శీర్షిక ఏ రంగులో, ఎంత పెద్దగా, ఎంత ఖాళీతో కనిపించాలో చెప్పేది స్టైల్‌షీట్. ట్రంకు పెట్టెలోని సామాను ఒకటే అయినా, కొత్త క్వార్టరులో దాన్ని సర్దే తీరు వేరుగా ఉంటుంది కదా. అలాగే విషయాన్ని ముట్టుకోకుండా సర్దుబాటు ఒక్కదాన్నే మార్చడానికి స్టైల్‌షీట్ వీలు కల్పిస్తుంది. పత్రికలో 40 పేజీలున్నా, స్టైల్‌షీట్‌లో ఒక్క వరుస మారిస్తే 40 పేజీలూ మారతాయి.

ఈ ఆలోచనను 1994 అక్టోబరులో నార్వేకు చెందిన హోకోన్ వియుమ్ లీ ప్రతిపాదించారు. తర్వాత డచ్ దేశీయుడు బెర్ట్ బోస్ ఆయనతో కలిసి పనిచేశారు. మొదటి ప్రమాణం 1996 డిసెంబరు 17న వెలువడింది. దాని పేరు సీఎస్ఎస్. అందులోని మొదటి మాట "క్యాస్కేడింగ్". జలపాతం మెట్టు మెట్టుగా దిగినట్టు నియమాలు ఒకదాని మీద ఒకటి వచ్చి చేరడమని దాని భావం. ముందు బ్రౌజర్ సొంత నియమాలు, తర్వాత చదివేవారు పెట్టుకున్నవి, ఆపైన పేజీ తయారుచేసినవారివి.

ఇందులో చదివేవారికి కూడా చోటు ఉందని గమనించండి. పేజీ ఎలా కనిపించాలన్నది రాసేవారు, చదివేవారు కలిసి తేల్చుకోవాలన్న ఆలోచన ఆ తొలి ప్రతిపాదనలోనే ఉంది. మనం నేర్చుకోబోయే కొలతలన్నిటికీ ఇదే ఆధారం.

3. నాలుగు కొలతలు

అక్షర పరిమాణం చెప్పే ఆజ్ఞ ఫాంట్-సైజ్. దానికి ముఖ్యంగా నాలుగు రకాల కొలతలు వాడతారు: పిక్సెల్, శాతం, ఎమ్, రెమ్.

పిక్సెల్: ఇది స్థిరమైన కొలత. పేరా అక్షరం 12 పిక్సెళ్లు అని రాశామనుకోండి. అమ్మమ్మ తన బ్రౌజరు సెట్టింగులో "పెద్ద అక్షరాలు" అని పెట్టుకున్నా ఆ 12 అలాగే ఉంటుంది. పేజీ మొత్తాన్ని జూమ్ చేస్తే పెరుగుతుంది కానీ, కొన్ని పేజీల్లో అప్పుడు వరుస తెర దాటిపోతుంది. ప్రతి వరుసకూ వేలితో పేజీని అటూ ఇటూ జరుపుతూ చదవాలి.

శాతం, ఎమ్: ఈ రెండూ పోలిక కొలతలు. ఏ పెట్టెలో ఉన్నామో, ఆ పెట్టె అక్షర పరిమాణంతో పోల్చి చెబుతాయి. 1 ఎమ్ అన్నా 100 శాతం అన్నా "నన్ను పట్టుకున్న పెట్టెలో ఎంతో అంత" అని అర్థం. ఇక్కడ ఒక చిక్కుంది. మన బ్రౌజర్లలో సాధారణంగా మొదటి పరిమాణం 16 పిక్సెళ్లు. జాబితాకు 0.8 ఎమ్ అని నియమం పెట్టామనుకోండి. ఆ జాబితాలో ఇంకో జాబితా, అందులో మరొకటి ఉంటే ఇలా అవుతుంది:

మొదటి జాబితా: 16 × 0.8 = 12.8
దాని లోపలిది: 12.8 × 0.8 = 10.24
ఇంకా లోపలిది: 10.24 × 0.8 = 8.19 (సుమారుగా)

నియమం ఒక్కటే, కానీ మూడో మెట్టు దగ్గర అక్షరం సగానికి వచ్చింది. థ లోపలి చుక్క ఇక కనిపించదు.

రెమ్: ఇది కూడా పోలిక కొలతే. కానీ పక్కనున్న పెట్టెతో పోల్చదు, పేజీ మూలంతో పోలుస్తుంది. ఎన్ని పెట్టెల లోపల ఉన్నా 0.8 రెమ్ అంటే 16 × 0.8 = 12.8 పిక్సెళ్లే.

మన ఇళ్లలో తెలిసిన ఉదాహరణ చెప్పుకుందాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం ఊరి తరగతిని బట్టి మారుతుంది. మూల వేతనం మాత్రం బదిలీతో మారదు. ఎమ్ అద్దె భత్యం లాంటిది, చేరిన చోటును బట్టి మారుతుంది. రెమ్ మూల వేతనం లాంటిది, ఎక్కడికి వెళ్లినా మారదు.

మరి అమ్మమ్మ సంగతి? ఆమె తన బ్రౌజరులో మొదటి పరిమాణాన్ని 16 నుంచి 20కి పెంచుకుంటే 1 రెమ్ కూడా 20 అవుతుంది. 1.5 రెమ్ ఉన్న శీర్షిక 24 నుంచి 30కి పెరుగుతుంది. పేజీలో ఏ అక్షరానికి ఏ అక్షరం ఎంత పెద్దదన్న నిష్పత్తి మనం చెప్పినట్టే ఉంటుంది. అసలు పరిమాణం మాత్రం ఆమె కోరినట్టు ఉంటుంది. ఒక జాగ్రత్త తీసుకోవాలి. పేజీ మూలానికి పిక్సెళ్లలో కొలత ఇస్తే ఈ లాభమంతా పోతుంది. మూలాన్ని 100 శాతంగా వదిలేయాలి.

4. తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు

ఖరగ్‌పూర్ స్టేషనులో పేరు పలకలు చూడండి. బెంగాలీ, హిందీ అక్షరాలు తల మీది గీతకు వేలాడుతున్నట్టు ఉంటాయి. ఇంగ్లిషు పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో నిలబడతాయి. తెలుగు అక్షరం గుండ్రంగా, విడిగా కూర్చుంటుంది. తల మీద తలకట్టో, గుడో, ఏత్వమో ఉంటుంది. కింద ఒత్తు వేలాడుతుంది.

"స్త్రీ" అన్న మాట రాయండి. నడుమ స, పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, దానికి తోడు రావత్తు. "రాష్ట్రం", "వస్త్రం", "లక్ష్మి" కూడా అంతే. ఇంగ్లిషు వరుసలో కిందికి దిగేవి కొన్ని అక్షరాల తోకలే. తెలుగు వరుసలో రెండు ఒత్తులు కూడా దిగవచ్చు. పై వరుస ఒత్తు దిగే చోటికే కింది వరుస గుడి ఎక్కుతుంది. ఖాళీ చాలకపోతే రెండూ కొట్టుకుంటాయి.

ఈ ఖాళీ అవసరం కంప్యూటరుతో మొదలైంది కాదు. విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో మన రాష్ట్రంలోనే, హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్‌లో అచ్చయింది. లోహపు అక్షరాలతో అచ్చువేసే కాలంలో వరుసకూ వరుసకూ మధ్య ఎడం కోసం సీసపు పట్టీలు దూర్చేవారు. సీసాన్ని ఇంగ్లిషులో లెడ్ అంటారు. ఆ మాట నుంచే వరుసల ఎడానికి అచ్చుపనిలో "లెడింగ్" అనే పేరు వచ్చింది. స్టైల్‌షీట్‌లో ఆ సీసపు పట్టీ పని చేసేది లైన్-హైట్.

ఇంగ్లిషు టెంప్లేట్లలో లైన్-హైట్ 1.2 నుంచి 1.5 వరకు కనిపిస్తుంది. అంటే అక్షర పరిమాణానికి అన్ని రెట్లు. అదే టెంప్లేట్‌లో తెలుగు పోస్తే ఇరుకవుతుంది. తెలుగు పేరాకు 1.6 నుంచి 1.8 మధ్య మొదలుపెట్టి, వాడే ఫాంటును బట్టి సర్దుకోవడం మంచిది.

ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. లైన్-హైట్ పక్కన కొలత పేరు రాయకుండా ఒట్టి సంఖ్య రాయాలి. ఎందుకో లెక్క వేద్దాం. పేజీ అంతటికీ 16 పిక్సెళ్ల అక్షరం, లైన్-హైట్ 1.7 ఎమ్ అని పెట్టాం. బ్రౌజరు 16 × 1.7 = 27.2 పిక్సెళ్లు అని లెక్క కట్టి, ఆ 27.2నే లోపలి పెట్టెలన్నిటికీ వారసత్వంగా ఇస్తుంది. 32 పిక్సెళ్ల శీర్షికకు కూడా 27.2 పిక్సెళ్ల వరుసే దక్కుతుంది. శీర్షిక రెండు వరుసలైతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ఒట్టి 1.7 అని రాస్తే వారసత్వంగా వెళ్లేది రెట్ల సంఖ్యే. శీర్షికకు 32 × 1.7 = 54.4 వస్తుంది. అది శీర్షికకు ఎక్కువనిపిస్తే దానికి విడిగా 1.4 అని ఇవ్వవచ్చు. 32 × 1.4 = 44.8.

పెట్టెల ఎత్తు విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. మెనూ బటనుకు "ఎత్తు 30 పిక్సెళ్లు, దాటినది దాచు" అని రాసి ఉంటే ఒత్తుల కాళ్లు తెగిపోతాయి. "రాష్ట్రం" చదివేవారికి "రాష్టం"లా కనిపించవచ్చు. ఎత్తును బిగించకుండా కనీస ఎత్తు చెప్పి, పైనా కిందా ప్యాడింగ్ ఇస్తే పెట్టె అక్షరాన్ని బట్టి పెరుగుతుంది.

5. ఫాంటును ఎంచుకోవడం

ఒకప్పుడు ఇంటర్నెట్‌లో ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు ఉండేది. ఆ ఫాంటు మన కంప్యూటరులో లేకపోతే అర్థంలేని గుర్తులు కనిపించేవి. అక్షరానికి అంతటా ఒకే సంఖ్య ఉండాలన్న యూనికోడ్ ఏర్పాటు ఆ బాధను తీర్చింది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, విండోస్‌తో వచ్చిన గౌతమి, ఆ తర్వాత నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, గిడుగు వంటివి వచ్చాయి. వీటిలో చాలావాటిని ఉచితంగా వాడుకోవచ్చు.

ఫాంటును ఎంచుకునేటప్పుడు ఇవి గుర్తుంచుకోవాలి:

ఒకటి: ఒకే సంఖ్య రాసినా రెండు ఫాంట్లు ఒకే పరిమాణంలో కనిపించవు. పైన గుడికీ కింద ఒత్తుకీ చోటు ఉంచి నడిమి అక్షరాన్ని గీయాలి కాబట్టి, కొన్ని తెలుగు ఫాంట్లలో అక్షరం పక్కనున్న ఇంగ్లిషు కంటే చిన్నగా కనిపిస్తుంది. కంటితో చూసి సర్దాలి.

రెండు: ఫాంట్-ఫ్యామిలీలో పేర్ల వరుస ముఖ్యం. బ్రౌజరు ప్రతి అక్షరానికీ ఆ వరుసలో మొదటి నుంచి వెతుకుతుంది. ముందు ఇంగ్లిషు ఫాంటు, తర్వాత తెలుగు ఫాంటు రాస్తే ఏ అక్షరం దాని ఫాంటులో కనిపిస్తుంది.

మూడు: వ్యాసం ఏ భాషలో ఉందో హెచ్‌టీఎంఎల్‌లో చెప్పాలి. అప్పుడు "తెలుగు భాగాలకు 1.1 రెట్లు పరిమాణం" అని ఒక్క నియమం రాయవచ్చు. పేజీని చదివి వినిపించే సాధనాలకు కూడా ఏ గొంతు వాడాలో తెలుస్తుంది.

నాలుగు: ఇంగ్లిషుకు చేసే కొన్ని అలంకారాలు తెలుగుకు పనికిరావు. లెటర్-స్పేసింగ్ పెంచితే మాట ముక్కలైనట్టుంటుంది. వాలు అక్షరాలు లేని ఫాంటును వాల్చమంటే బ్రౌజరు బలవంతంగా వంచుతుంది. చిన్న అక్షరాన్ని మరీ లావు చేస్తే సున్నాలూ చుక్కలూ పూడుకుపోతాయి.

ఐదు: తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి. "వెళ్లిపోవాల్సివచ్చింది" అనేది ఒక్క మాటే. ఫోనులాంటి సన్నని తెరమీద రెండు అంచులూ సమంగా సర్దమంటే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ అంచు సమంగా ఉంటే చాలు.

6. మన టెంప్లేట్‌ను సరిదిద్దుదాం

ఇంగ్లిషు కోసం తయారైన ఒక టెంప్లేట్ మన చేతికి వచ్చిందనుకోండి. ఏది ఎలా మార్చాలో వరుసగా చూడండి.

పేరా అక్షరం: 12 పిక్సెళ్లు ఉంది. 1.125 రెమ్ చేద్దాం (16 × 1.125 = 18).
పేరా లైన్-హైట్: 14 పిక్సెళ్లు ఉంది. ఒట్టి 1.7 చేద్దాం (18 × 1.7 = 30.6).
శీర్షిక: 30 పిక్సెళ్లు ఉంది. 1.75 రెమ్ (28), లైన్-హైట్ 1.4 చేద్దాం.
బొమ్మ కింది మాట: 0.8 ఎమ్ ఉంది. 1 రెమ్ చేద్దాం. చిన్నది కావచ్చు గాని చదవలేనంత చిన్నది కాకూడదు.
మెనూ బటను: ఎత్తు 30 పిక్సెళ్లు ఉంది. కనీస ఎత్తు 3 రెమ్ (48) చేద్దాం.
వ్యాసం వెడల్పు: తెర అంతా ఉంది. గరిష్ఠంగా 36 రెమ్ చేద్దాం. వరుస మరీ పొడుగైతే కన్ను తర్వాతి వరుస మొదలును వెతుక్కోవాలి.
జూమ్: ఫోనులో వేళ్లతో పెద్దది చేసుకోకుండా కట్టేసే ఆజ్ఞ ఉంటే తీసేద్దాం.

7. సరిగ్గా వచ్చిందా? పరీక్షించండి

మన ప్రభుత్వ వెబ్‌సైట్ల పైభాగంలో అక్షరాన్ని తగ్గించే, పెంచే గుర్తులు మీరు చూసే ఉంటారు. అవి ఊరికే పెట్టినవి కావు. ప్రభుత్వ వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని 2009లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. అక్షరాలను 200 శాతం వరకు పెంచినా విషయం ఏదీ మాయం కాకూడదని అంతర్జాతీయ ప్రమాణం కూడా చెబుతోంది.

మన పేజీని ఇలా పరీక్షిద్దాం. "స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, అర్థం, అర్ధం, కృష్ణ, ఉత్కంఠ" అన్న మాటలు శీర్షికలో, పేరాలో, బటనులో పెట్టి చూడండి. ఒత్తు తెగిందా? వరుసలు తగిలాయా? తర్వాత బ్రౌజరు అక్షర పరిమాణాన్ని రెట్టింపు చేయండి. ఆపైన ఫోనులో చూడండి. చివరగా ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి పైకి చదవమనండి. ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టుకోండి. మన కళ్లకు తెలియని లోపం వాళ్ల గొంతులో తెలుస్తుంది.

అభ్యాసం

1. బ్రౌజరు మొదటి పరిమాణం 20 పిక్సెళ్లు. 1.125 రెమ్ పేరా, 1.75 రెమ్ శీర్షిక ఎంత పరిమాణంలో కనిపిస్తాయి?
2. 16 పిక్సెళ్ల పేజీలో ఒకదానిలో ఒకటిగా మూడు జాబితాలు, ఒక్కోదానికి 0.75 ఎమ్. మూడింటి పరిమాణాలు ఎంత? అదే 0.75 రెమ్ అయితే?
3. 18 పిక్సెళ్ల పేజీకి లైన్-హైట్ 1.7 ఎమ్ అని ఇచ్చారు. లోపల 40 పిక్సెళ్ల శీర్షిక ఉంది. ఏమవుతుంది? ఎలా సరిచేస్తారు?
4. ప్రేమ్‌బజార్‌లో ఏవైనా ఐదు దుకాణాల బోర్డులు చూడండి. రెండు భాషలున్న చోట ఏ లిపి పెద్దగా ఉంది, వరుసల మధ్య ఎంత ఎడం వదిలారు? నోటుపుస్తకంలో గీసుకోండి. మీ మాతృభాష లిపి ఏదైనా సరే, దానికి పైనా కిందా ఎంత చోటు కావాలో రాయండి.

జవాబులు

1. 22.5, 35 పిక్సెళ్లు.
2. 12, 9, 6.75. రెమ్ అయితే మూడూ 12.
3. శీర్షికకు 30.6 పిక్సెళ్ల వరుసే వారసత్వంగా వస్తుంది. శీర్షిక రెండు వరుసలైతే ఒత్తులు, గుడులు తగులుకుంటాయి. ఎమ్ తీసేసి ఒట్టి 1.7 రాయాలి. శీర్షికకు విడిగా 1.4 ఇస్తే 56 పిక్సెళ్లు వస్తుంది.
4. దీనికి జవాబు మీ నోటుపుస్తకంలోనే ఉంటుంది. వచ్చే బదిలీలో ఇంకో ఊరికి వెళ్లినప్పుడు అక్కడి బోర్డులూ గీసి పక్కన పెట్టుకోండి. ఏ లిపికి ఎంత చోటు కావాలో మీకే తెలుస్తుంది.